రాతి కడుపులోని సాక్ష్యము

పెద్దచేప చిన్నచేపను మ్రింగుట లోకధర్మమని మన పల్లెలలో అందురు. అప్పిచ్చినవాడు పేదరైతు చెరకుతోటను వ్రాయించుకొన్నప్పుడును, చనిపోయిన తమ్ముని భార్య పొలముగట్టును అన్న జరిపినప్పుడును ఈ మాటయే సాకగుచున్నది. ఇది దేవుడు మనకు నియమించిన ధర్మమేనా? ఈ ప్రశ్నను తెలుగునేలలోని రాళ్లయెదుట ఉంచి చూతము.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహిత గోదావరుల లోయయందు, మాలేరి అను గ్రామము కలదు. అచ్చటి ఎఱ్ఱని మట్టిరాళ్లలో 20 కోట్ల సంవత్సరములకు పైబడిన ఎముకలున్నవి. డైనోసారులు భూమిమీద అప్పుడప్పుడే కనబడుచున్న కాలమది. నాగపూరులో సువార్త ప్రకటించిన స్కాట్లాండు మిషనరీ స్టీఫెన్ హిస్లాపుగారు బైబిలుతోపాటు రాళ్లనుకూడ ఓపికతో పరిశీలించినవారు. ఆయన 1863లో ఏరు దాటుచు మునిగి మరణించిరి. 1885లో లిడెక్కరు అను శాస్త్రజ్ఞుడు ఈ లోయలోని మొసలివంటి యొక జంతువునకు ఆయన పేరు చేర్చి పారాసూకస్ హిస్లోపి అని పిలిచెను. అట్టి రెండు జంతువుల అస్థిపంజరములలో, కడుపుండిన చోట, వేరొక చిన్న సరీసృపపు ఎముకలు కనబడెనని శంకర్ చటర్జీగారు వ్రాసిరి. 1980లో దానికి మాలేరిసారస్ అని పేరిడిరి. తిన్నదియు తినబడినదియు కలిసి రాయియైనవి.

ఇది విని కొందరు విశ్వాసులు కలవరపడుదురు. ఆదాము పాపమునకు ముందే చావు ఉండెనా? రోమా పత్రిక 5వ అధ్యాయములో పౌలు మాటలాడునది మనుష్యులందరికి వచ్చిన మరణమునుగూర్చి. 104వ కీర్తన సింహపు పిల్లలు దేవునియొద్దనే ఆహారమడుగుచున్నవని చెప్పుచున్నదేగాని వాటిని నిందించుట లేదు. సృష్టి మూలుగుచున్నదని పౌలే వ్రాసెను. ఆ మూలుగు ఎంత పాతదో ఈ రాళ్లు తెలుపుచున్నవి. దాని కారణమంతయు మనకు తెలుపబడలేదు.

అయితే ఒకటి తెలుపబడినది. పొరుగువానిని ప్రేమింపవలెనని ఆ మొసలివంటి జంతువునకు ఎవ్వరును చెప్పలేదు, మనకు చెప్పబడినది. ఆకలి తీరగానే అది ఊరకుండును. అహాబు రాజ్యమంతయు కలిగియుండియు నాబోతు ద్రాక్షతోటకొరకు అన్నము మానెను. కాబట్టి మృగమును చూపి తప్పించుకొనువాడు మృగమునకు లేని అపరాధమును తన తలపై వేసికొనుచున్నాడు. మనలను దేవుడు తన స్వరూపమందు చేసెను. ఆ స్వరూపమును సంపూర్ణముగా చూపిన క్రీస్తు ఎవరిని మ్రింగెను? బలవంతుడైయుండియు తన శరీరమునే బలహీనులకు ఆహారముగా ఇచ్చెను. ఇదియే మన ధర్మము.

ప్రియ సహోదరులారా, మ్రింగినది దాగదు. కోట్ల ఏండ్ల పిమ్మట రాయి కడుపు విప్పినది. మన కడుపులోనిది చూచుటకు దేవునికి అంత కాలము పట్టునా? ఆయన బల్లయొద్దకు వచ్చుటకు ముందే, జక్కయ్యవలె, జరిపిన గట్టును వెనుకకు జరుపుదము.