వణకును సంతోషమును

క్రొత్త నిబంధన గ్రీకు మూలమున భయముచే దేహము కంపించుటకు ‘త్రోమొస్’ అనియు, అట్లు కంపించువానికి ‘ఎంత్రొమొస్’ అనియు పేరు. నిఘంటువుతోనే తృప్తిపడువారికి ఇవి కేవలము భీతివాచకములుగా తోచును గాని, ప్రయోగస్థలములను పరికించినచో వేఱొక సంగతి బోధపడును.

మాసిదోనియలో రోమీయుల ప్రవాసస్థానమైన ఫిలిప్పీ పట్టణమున, బెత్తపు దెబ్బలు తిని, కాళ్లకు బొండ బిగింపబడియు నడిరేయి కీర్తనలు పాడుచుండిన పౌలు సీలల వృత్తాంతము అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయమున నున్నది. భూకంపమునకు తలుపులన్నియు తెఱచుకొనగా, నిద్ర మేల్కొనిన చెరసాల నాయకుడు ఖైదీలు పాఱిపోయిరని యెంచి ఆత్మహత్యకై కత్తి దూసెను. ఆ క్షణమున అతడు వణకెనని గ్రంథకర్త వ్రాయలేదు. ఎవ్వరును కదలలేదని పౌలు కేకవేసి వారించిన పిమ్మట, దీపములు తెప్పించుకొని అతడు లోనికి ఉఱికినప్పుడే ‘ఎంత్రొమొస్’ అను పదము పడినది. ప్రాణము పోనున్నపుడు చెప్పబడని వణకు, తాను బంధించినవారే తన ప్రాణము నిలిపినపుడు చెప్పబడినది! ఆ రాత్రియే అతడు వారి గాయములు కడిగి, బాప్తిస్మము పొంది, వారికి భోజనము పెట్టి, ఇంటివారందఱితో ఆనందించెను.

మార్కు సువార్తలో 12 సంవత్సరముల రక్తస్రావము నిలిచిపోయినదని తన దేహముననే యెఱిగిన స్త్రీ వణకుచు వచ్చి యేసునెదుట సాగిలపడినది. స్వస్థతకై ఆయనను చాటుగా తాకితినను జంకు అందు కొంత లేకపోలేదు. శూన్యసమాధియొద్ద పునరుత్థానవార్త విన్న స్త్రీలను ఆవహించినదియు త్రోమొస్ అనియే ఆ సువార్త చెప్పుచున్నది. మేలు జరిగిన పిదపనే ఈ కంపము! మన ఆలంకారికులు వేపథువును సాత్త్వికభావములలో చేర్చి, భయమువలెనే హర్షమును దానికి హేతువని చెప్పియుండుట ఈ సందర్భమున స్మరణీయము. దయ్యములును దేవుని నమ్మి వణకునని యాకోబు వ్రాసినచోట గ్రీకుక్రియయే వేఱు; ఆ వణకున ఆనందము మచ్చుకైనను లేదు.

ఆ ఫిలిప్పీ సంఘమునకే పౌలు మఱియొక చెఱనుండి జాబు వ్రాయుచు, రక్షణను భయకంపములతో కొనసాగించుకొనవలెనని కోరి, మఱు వాక్యముననే అందుకు కారణముగా వారిలో పనిచేయువాడు దేవుడే యని తెలిపినాడు. శిక్ష ప్రసక్తి అచ్చట లేదు. సంతోషింపుడను ప్రబోధమే ఆ జాబులో మాటిమాటికి వినవచ్చును.