గోదాం దాకా ఎవరినీ రానియ్యకు బిడ్డా

ఇటు కూర్చో బిడ్డా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. ఇంట్లో స్టోరేజీ డబ్బా పెట్టావట, అమ్మానాన్నల ఫొటోలు, చీరల డిజైన్ ఫైళ్లు, జీఎస్టీ లెక్కలు అన్నీ అందులోకి ఎక్కించావట. మంచి పని చేశావు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలితే తాపీ నది మన సూరత్‌ను ముంచేసింది. రెండో కాపీ లేకుండా దాచుకుంటే ఏమవుతుందో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. నీ తాపత్రయం నాకు తెలుసు. నా భయమంతా నీ తొందర గురించే.

మన ఊరు వరంగల్ పోయినా ఫైళ్లు అందాలని, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి ఆ డబ్బా లాగిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కు తెరుస్తానంటున్నావు. ఆగు నాయనా. రింగ్ రోడ్డు మార్కెట్‌లో చూడలేదా, వచ్చినవాడికి చీర విప్పి చూపిస్తారు గానీ గోదాం దాకా రానిస్తారా? నీకు కావలసింది నువ్వు లోపలికి పోవడం. దానికి ఊరందరికీ దారి ఎందుకు?

“లింబాయత్‌లో నా డబ్బా సంగతి ఎవరికి తెలుస్తుంది” అంటావు. మనిషికి తెలియనక్కర్లేదు బిడ్డా. తెరిచి ఉన్న పోర్టుల కోసం ప్రోగ్రాములు రాత్రీపగలూ వెతుకుతూనే ఉంటాయి. 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ కంపెనీ స్టోరేజీ డబ్బాలున్న ఎంతోమంది ఇళ్లలో ఫైళ్లన్నీ పాస్‌వర్డ్ వేసిన సెవెన్‌జిప్ మూటలైపోయాయి. విప్పాలంటే 0.01 బిట్‌కాయిన్ కట్టమన్నారు. ఆ దొంగ ప్రోగ్రాం పేరు క్యూలాకర్. అదే ఏడాది జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ డబ్బాలు ఎన్నో ఖాళీ అయిపోయాయి. కంపెనీ 2015లోనే వాటికి అప్‌డేట్లు ఆపేసింది, జనం మాత్రం వాడుతూనే ఉన్నారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ఇంకో దొంగ ప్రోగ్రాం వచ్చింది. వాళ్లందరూ పాస్‌వర్డ్ చెడ్డది పెట్టుకున్నవాళ్లు కాదు నాయనా. డబ్బాలోని సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే నీ పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా ఏం లాభం?

హెచ్‌టీటీపీఎస్ పెట్టాను, తాళం గుర్తు వచ్చింది కదా అంటావేమో. పెట్టాలి, అది లేకుండా అసలు వద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తుంది, గడువు తీరకముందే దానంతటదే కొత్తది తీసుకునేలా పెట్టుకో. కానీ అది దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది, అంతే. తలుపు దాకా వచ్చినవాణ్ని ఆపదు. పైగా సర్టిఫికెట్ తీసుకున్న పేరు అందరూ చూడగల చిట్టాలో పడుతుంది, దాంతో నీ డబ్బా చిరునామా నువ్వే చాటినట్టవుతుంది.

అందుకే మళ్లీ అదే మాట, అందరికీ తెరవకు. వీపీఎన్ పెట్టుకో. వైర్‌గార్డ్ గానీ, దాని మీదే నడిచే టెయిల్‌స్కేల్ గానీ. నీ ఫోనుకు, చెల్లి ల్యాప్‌టాప్‌కు మాత్రమే దారి ఉంటుంది, మిగతా లోకానికి ఆ డబ్బా ఉన్నట్టే తెలియదు. మన బ్రాడ్‌బ్యాండ్‌లో చాలాచోట్ల ఒకే బయటి ఐపీ ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తారు, అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ పనే చెయ్యదు. పిల్లలు దానికి విసిగి డబ్బులు కట్టి స్టాటిక్ ఐపీ కొంటారు. టెయిల్‌స్కేల్ లాంటిది ఇంట్లోంచే బయటికి కనెక్షన్ కలుపుతుంది కాబట్టి ఆ ఖర్చు నీకు అక్కర్లేదు.

రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపెయ్, నిన్ను అడక్కుండానే అది పోర్టులు తెరిపిస్తుంది. డబ్బాలో అడ్మిన్ అనే ఖాతా మూసేసి వేరే పేరుతో పెట్టుకో, పాస్‌వర్డ్‌తో పాటు రెండో కోడ్ కూడా అడిగేలా చెయ్. ఆ కోడ్ పోతే వాడే రికవరీ కోడ్లు కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టు, ఆ డబ్బాలోనే దాచకు. అప్‌డేట్ వస్తే రేపు చూద్దాం అనకు. ఇంకొకటి, రెండు డిస్కులు పెట్టాను కదా అని ధీమాగా ఉండకు. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ దొంగ తాళం వేస్తే రెండింటికీ ఒకేసారి పడుతుంది. ఇంకో కాపీ ఒక విడి డిస్కులో తీసి, వరంగల్‌లో బాబాయి ఇంట్లో పెట్టు.

అన్నీ అయ్యాక ఫోనులో వైఫై ఆపి, వీపీఎన్ కూడా ఆపి, మొబైల్ డేటా మీద నీ ఇంటి బయటి ఐపీ కొట్టి చూడు. లాగిన్ పేజీ కనిపించకూడదు. కనిపించిందంటే రౌటర్‌లో ఇంకా ఏదో తెరిచే ఉంది, అది మూసేదాకా ఊరికి టికెట్ తియ్యకు.