బదనిక అన్న మాట

బదనిక అంటే చెట్టు మీద మొలిచే మొక్క. మన భాష అంతకన్నా విడదీసి చెప్పదు. మామిడి కొమ్మలో వేరు దించి, ఆ కొమ్మ నీళ్ళూ లవణాలూ పీల్చుకునే గుబురు మొక్కా బదనికే. నల్లమలలో బెరడు పట్టుకుని, వేళ్ళు గాల్లోకి వేలాడేసి పూసే ఆర్కిడ్డూ బదనికే. సంస్కృతంలో ఇలాంటి మొక్కల్ని వంద అన్నారు. ఆ ఆర్కిడ్ల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన వాండా అన్న పేరు అక్కణ్ణించి వచ్చిందే. మొదటిది చెట్టు నుంచి తీసుకుంటుంది. రెండోది నిలబడడానికి చోటు తప్ప ఏమీ అడగదు. మాటకు మాత్రం రెండూ ఒకటే, ఇంకొకరి మీద బతికేవి. ఈ గందరగోళం మొక్కల దగ్గరే ఆగితే నాకిది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆమె తీగ, అతను మాను. కావ్యాల నుంచి సినిమా పాటల దాకా మనం వింటూ వచ్చింది ఇదే. తండ్రి, భర్త, కొడుకు అని మనుస్మృతి వరసగా మూడు మానుల్ని చూపించింది. ఆధునిక రాజ్యం ఆ పోలికను తీసేయలేదు, ఫారంలో కాలమ్‌గా మార్చుకుంది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలు 'పని చేయనివారు'. దాదాపు 36 కోట్ల మంది స్త్రీలను బిచ్చగాళ్ళు, సెక్స్ వర్కర్లు, ఖైదీలతో పాటు ఒకే గుంపులో వేశారని 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. (ఆ గుంపులో మిగతావాళ్ళ పక్కన ఉండడం మనకు అవమానమని నేననడం లేదు. వాళ్ళు మాత్రం పని చేయడం లేదని ఎవరు తేల్చారు?)

తీగ, మాను పోలిక నిలిచేది చెట్టును కింద నుంచి చూసినంతవరకే. వానలడవిలో నేల మీద పడే వెలుతురు నూటికి ఒకటో రెండో వంతులు. అందుకే అక్కడి మొక్కల బతుకు చాలావరకు ముప్ఫై నలభై మీటర్ల ఎత్తున, చెట్ల తలల మధ్య నడుస్తుంది. నేలతో సంబంధం లేకుండా చెట్ల మీదే బతికే మొక్కలు ప్రపంచంలో 28 వేల జాతుల దాకా ఉన్నాయి. నిత్యం వాన కురిసే అడవి కదా, వాటికి నీళ్ళకేం కొదవ అనుకుంటాం. కానీ కొమ్మ మీద పడ్డ వాన నిలవదు. వాన వెలిసి ఎండ కాసిన కాసేపటికే అక్కడ కరువు. అందుకే ఆ ఆర్కిడ్లలో చాలావాటికి వేళ్ళ చుట్టూ తడిని పట్టుకునే స్పంజి లాంటి పొర ఉంటుంది. ఎన్నో జాతులు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రిపూట తెరుచుకుని గాలి పీలుస్తాయి. రోహిణి కార్తెలో ప్రకాశం మెట్టచేలను చూసినవాళ్ళకు ఆ పొదుపు కొత్తగా అనిపించదు. ఇవి ఎవరినో పీల్చి బతికేవి కావు. గాల్లో దుమ్మునీ, మంచునీ, రాలిన ఆకునీ ఆపి, కుళ్ళబెట్టి, కొమ్మ మీదే మట్టి తయారుచేసుకుంటాయి.

ఆ మట్టిని విప్పి చూసింది ఒక స్త్రీ. నళినీ నాడ్‌కర్ణి తండ్రి భారతీయుడు, తల్లి అమెరికన్. అమెరికాలో విద్యార్థినిగా ఉన్నప్పుడు తాళ్ళతో మేపుల్ చెట్లెక్కి, కొమ్మల మీది నాచు దుప్పటిని ఒలిచింది. లోపల వేళ్ళు కనిపించాయి. అవి నాచువి కావు, ఫెర్నులవీ కావు, ఆ మేపుల్‌వే. తన కొమ్మల్లోంచి చెట్టే వేళ్ళు పుట్టించి, తన మీద బతికేవాళ్ళు చేసిన మట్టిలోకి పంపి, అక్కణ్ణించి తింటోంది. 1981లో 'సైన్స్' పత్రికలో ఆమె ఈ సంగతి ప్రచురించింది. సమశీతల అడవులతో ఆగకుండా ఉష్ణమండలపు వానలడవుల్లోనూ ఇలాంటి వేళ్ళను చూపించింది.

ఇక్కడ ఆగి జాగ్రత్తపడాలి. అడవి మనకు ధర్మశాస్త్రం కాదు. నాచును చూపించి నేను సమానత్వం నిరూపిస్తే, ఇంకొకరు మర్రిని చూపిస్తారు. అందుకు వానలడవి దాకా పోనక్కర్లేదు, పాత గుంటూరు జిల్లా చేలగట్ల మీద తాళ్ళను చూస్తే చాలు. గోరింకో కోకిలో వేసిన విత్తు తాటిమట్టల మొదళ్ళ మధ్య, చేరిన దుమ్ములో మొలుస్తుంది. మొదట అది అతిథి. తర్వాత మాను చుట్టూ వేళ్ళు దించుతుంది, అవి నేలను తాకాక బిగుస్తాయి. తాడికి మిగతా చెట్లలా ఏటేటా లావెక్కే పొర లేదు కాబట్టి ఆ బిగింపును చాలాకాలం ఓర్చుకుంటుంది. చివరికి దాని తలకు ఎండ అందనివ్వని నీడగా మర్రి పరుచుకుంటుంది. ప్రకృతిలో ఎవరికి కావలసిన నీతి వాళ్ళకు దొరుకుతుంది. నేను అడవి దగ్గర తెచ్చుకునేది నీతి కాదు, సాక్ష్యం. ఆధారపడడం అనేది ఒకే రకం కాదన్న సాక్ష్యం. ఎవరు ఎవరి దగ్గర ఏం తీసుకుంటున్నారో ఎక్కి చూడకుండా పేరు పెట్టకూడదన్న సాక్ష్యం.

పత్తిచేలో కలుపు తీసేది, పత్తి తీసేది, మిరపకాయ కోసి తొడిమలు తీసేది ఎక్కువగా స్త్రీలే. ఆ కుటుంబంలో 'రైతు' మాత్రం అతనే, పట్టా అతని పేరున ఉంది కాబట్టి. 2004లో వచ్చిన జీవో 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర ప్యాకేజీ ప్రకటించింది. దానికోసం త్రిసభ్య కమిటీ ముందు నిలబడ్డ భార్య అక్కడ ఎవరు? ఆ చేను చేసిన మనిషి కాదు, చనిపోయినవాడి మీద ఆధారపడిన మనిషి. కౌలు చేనైతే అతను రైతన్న రుజువు కూడా ఆమే తేవాలి. 2019 సాగుదారుల చట్టం కింద కార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావలసి వచ్చింది. అదే చేలో, అదే అప్పుకు ఆమె పురుగుల మందు తాగితే? పట్టా లేదు గనక 'గృహిణి' కాలమ్‌లోకి పోవడానికే అవకాశం ఎక్కువ. బతికుండగా పని చేయనిది, చనిపోయాక రైతు కానిది.

మనలో చాలామందిమి ఈ అవమానానికి జవాబుగా 'మేము ఎవరి మీదా ఆధారపడం' అన్నాం. ఆ మాట చాలా అవసరమైన కాలంలో అన్నాం, నిజమే. కానీ ఆ జవాబు మాను పక్షానే నిలుస్తుందని నాకనిపిస్తుంది. ఒంటరిగా నిలబడడమే గొప్ప అని మనమూ ఒప్పుకున్నట్టవుతుంది. ఈవా ఫెడర్ కిట్టే 1999లో రాసిన పుస్తకంలో ప్రశ్నను వేరేచోట పెట్టింది. పసివాళ్ళనీ, జబ్బు మనుషులనీ చూసుకునేవాళ్ళు ఆ చూసుకోవడం వల్లే ఇంకొకరి సంపాదన మీద ఆధారపడాల్సి వస్తుంది. ఆ రెండో ఆధారపడడం వాళ్ళ స్వభావం కాదు, ఒక ఏర్పాటు. కాబట్టి మాను చేతిలో పట్టా ఎందుకుందో అడగాలి, అది తింటున్న మట్టి ఎవరు చేశారో కూడా అడగాలి.

ఇప్పుడు చాలా గట్ల మీద చెట్లు లేవు. నీడకు మిరప కాపు తగ్గుతుందని కొన్ని పోయాయి, ట్రాక్టరు తిరగడానికి అడ్డమని కొన్ని. కలుపుకొచ్చిన తల్లులు చీర ఉయ్యాల కట్టే వేపకొమ్మ కూడా వాటితోనే పోయింది. ఒలిచిన చోట మళ్ళీ నాచు పట్టడానికి దశాబ్దాలు పడుతుందని నాడ్‌కర్ణి కొలిచి చెప్పింది. గట్టు మీద వేపకు అంతకాలం పట్టకపోవచ్చు, నాటేవాళ్ళుంటే. ఈలోగా ఉయ్యాల ట్రాక్టరు ట్రాలీ కింద కడుతున్నారు. పొద్దు తిరిగేకొద్దీ ట్రాలీ నీడ పక్కకి జరుగుతుంది. బిడ్డ మీద ఎండ పడినప్పుడు తల్లి కాకపోతే ముఠాలో ఇంకొకామె సాలు వదిలి లేచి వెళ్ళి, బిడ్డను నీడలోకి జరిపి వస్తుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చే మిరప కోతల్లో ఆ కాసేపు ఆమె తూకంలో తగ్గుతుంది.