ఐదు రూపాయల చేవ్రాలు

నెల్లూరు దాటి సముద్రం వైపు పోతే, ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డున పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీ స్వయంగా వచ్చి ఇక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. 13 ఎకరాల నేల పొణకా కనకమ్మ ఇచ్చారు. భవనానికి డబ్బు ఎక్కడో దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. గాంధీ మిత్రుడు పార్సీ రుస్తుంజీ 10,000 రూపాయలు పంపారు. అయినా ఇలాంటి చోటికి వచ్చినవాళ్లకు ఎకరాల లెక్క, రూపాయల లెక్క పట్టవు. గాంధీ ఎక్కడ కూర్చున్నారు? ఏది ముట్టుకున్నారు? తన చేత్తో ఏమన్నా రాసిచ్చారా?

కాలికి కాగితం తగిలితే తీసి కళ్లకద్దుకునే అలవాటు తెలుగువాళ్లది. అది పచారీ కొట్టు చీటీ అయినా సరే. అలాంటిది ఒక మహనీయుడి స్వదస్తూరి చేతికొస్తే ఏం చేయాలి? దాచుకోవాలా, దండం పెట్టుకోవాలా, అమ్ముకోవాలా? నిజానికి ఇది మతం అడగాల్సిన ప్రశ్న. పవిత్రత వస్తువులో ఉంటుందా, దాన్ని చూసినవాడు తర్వాత చేసే పనిలో ఉంటుందా?

బౌద్ధులు దీన్ని ఎప్పుడో విడదీసి చూశారు. ధాతువుల్లో, అంటే పూజించే అవశేషాల్లో, శారీరకం, పారిభోగికం, ఉద్దేశికం అని మూడు రకాలన్నారు: శరీరంలో భాగం, వాడిన వస్తువు, గుర్తుగా నిలిపినది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన రాతి భరిణెల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. అందులో ఉన్నవి బుద్ధుడి మాటలు కావు, ఆ భరిణెలు చేయించినవాళ్ల పేర్లు. ధాతువు పక్కనే దాతల చేవ్రాలు! మరి ఉత్తరం ఏ రకం కిందికి వస్తుంది? చెప్పుల్లా వాడి వదిలేసిన వస్తువు కాదది, గోరులా శరీరంలో ముక్కా కాదు. చెయ్యి కదిలిన జాడ.

చేతిరాత లేకుండానే నెల్లూరు ఒక మనిషిని ఏడు వందల ఏళ్లుగా తలుచుకుంటోంది. తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెనిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఆయన చెబుతుంటే గంటం పట్టి రాసింది కుమ్మరి గురునాథుడని పెద్దలు చెప్పుకుంటారు. ఆ మాట నిజమైతే, రేపు ఏ అటక మీదో ఆ మొదటి తాటాకు కట్ట దొరికినా అందులో ఉండేది కవి దస్తూరి కాదు, కుమ్మరి దస్తూరి. కళ్లకద్దుకునేవాడు అప్పుడు ఎవరికి మొక్కినట్టు? హరికీ హరుడికీ భేదం చూడని తిక్కన ఈ ప్రశ్నకు బహుశా నవ్వేవాడు.

గాంధీ మాత్రం ఈ వ్యవహారంలో పక్కా కోమటి. హరిజన నిధి కోసం తిరిగిన రోజుల్లో సంతకానికి ఐదు రూపాయలు వసూలు చేసేవారు. తనకిచ్చిన సన్మాన పత్రాలను అదే సభలో వేలం వేసేవారు, వచ్చినవాళ్ల ఒంటి మీది నగలు ఒలిపించుకునేవారు. ఇది పిసినారితనం కాదు. పాత దస్తావేజుల్లో చేవ్రాలు పెట్టినవాడు కాగితానికి కట్టుబడిపోతాడు. గాంధీ ఆ కట్టును తిరగేశారు. ఇక్కడ కట్టుబడేది సంతకం పెట్టినవాడు కాదు, పెట్టించుకున్నవాడు. ఐదు రూపాయలు ఇచ్చిన మరుక్షణం, తెలిసో తెలియకో, అతను అంటరానితనం మీద పోరులో చందాదారుడైపోయాడు.

ఇలా కట్టుబడినవాళ్లు నెల్లూరులో నిజంగానే ఉన్నారు. కనకమ్మ 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు, ఉద్యమంలో జైలుకెళ్లారు. పొట్టి శ్రీరాములు 1946లో హరిజనుల ఆలయ ప్రవేశం కోసం మూలాపేట వేణుగోపాలస్వామి గుడి విషయంలో నిరాహారదీక్ష పట్టారు. తర్వాత హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని, చెప్పుల్లేని కాళ్లతో ఎండలో నెల్లూరు వీధులు తిరిగారు. పిచ్చివాడన్నారు చాలామంది. ఊరికి ఆయన రాసిన ఉత్తరాన్ని మోసింది ఆయన ఒళ్లే. 2008 నుంచి జిల్లా పేరులో ఆయన పేరు చేరింది. కలెక్టరాఫీసు నుంచి వచ్చే కాగితం మీద ఇప్పుడు ఆ పేరే. ఆ అట్టల మీది మాట ఆ కాగితాల్లో ఎంతమందికి వినిపిస్తుందో!

అలాగని దాచేవాళ్లను తీసిపారేయడం అన్యాయం. గాంధీ రచనల సంపుటాల పని 1956లో మొదలై 1994లో నూరో సంపుటంతో ముగిసింది. ఎవరెవరి ట్రంకు పెట్టెల్లోనో భద్రంగా ఉన్న ఉత్తరాలు బయటికి రాకపోతే ఆ నూరూ ఎక్కడివి? కనకమ్మ ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ ఆమె పోయిన దాదాపు అర్ధ శతాబ్దానికి, 2011లో గానీ పుస్తకం కాలేదు. అన్నాళ్లూ ఆ కాగితాలను చెదలకు వదలకుండా కాపాడిన చేతులకు ఒక దండం పెట్టాల్సిందే. విగ్రహారాధనను కాదన్న వీరేశలింగం ఇంటినే రాజమండ్రిలో మనం ప్రదర్శనశాల చేసుకున్నాం. ఆయన ఉంటే కోప్పడేవారేమో. కానీ అది లేకపోతే కొత్త తరానికి ఆయన పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మగానే మిగిలిపోయేవారు.

చిక్కంతా దాచడంలో లేదు, దాచి ఊరుకోవడంలో ఉంది. భరతుడు పాదుకలు తెచ్చి అద్దాల బీరువాలో పెట్టుకోలేదు. వాటికి పట్టం కట్టి, తాను నందిగ్రామంలో నారచీరలతో పద్నాలుగేళ్లు రాజ్యభారం మోశాడు. 2009 మార్చిలో న్యూయార్క్‌లో గాంధీ చెప్పులు, కళ్లజోడు, గడియారం వేలానికి వచ్చాయి. 18 లక్షల డాలర్లకు వాటిని పాడుకున్నది విజయ్ మాల్యా, మద్యం వ్యాపారి. దేశం దాటిపోకూడదన్న అభిమానం మెచ్చుకోదగ్గదే. అయినా మద్యపాన నిషేధం కోసం జీవితమంతా పోరాడిన మనిషి చెప్పులవి.

నెల్లూరు ఆడవాళ్లకు వేలంపాట అనగానే ఇంకొకటి గుర్తొస్తుంది. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడుల్లో కూలి పని చేసుకునే ఆడవాళ్లు అ ఆలు దిద్దారు. అంతవరకూ ఏ కాగితం ముందుపెట్టినా ఇంకుపెట్టెలో బొటనవేలు అద్ది నిశానీ వేసినవాళ్లే. వాచకంలో సీతమ్మ కథ ఉంది, సారా కొట్టు మూయించిన ఇల్లాలి కథ. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఆ కథను చదివి ఊరుకోలేదు, ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆ ఊరి గెలుపు మళ్లీ వాచకంలో పాఠమైంది, పక్క ఊళ్ల ఆడవాళ్లు కూడబలుక్కుని చదివారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పెట్టినప్పుడు వందలమంది వచ్చి అడ్డంగా కూర్చున్నారు. పాట వాయిదా పడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ వాయిదా. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. పలకల మీద వాళ్లు కొత్తగా దిద్దుకున్న పేర్లు అప్పటికే ఎన్నిసార్లు చెరిపి, ఎన్నిసార్లు మళ్లీ రాసుకున్నారో.