ఇచ్చే చేయి ఎవరిది?

గూడేనికి బట్టల మూటలు తెచ్చేవారిని దాతలంటాం. మరి మనం ఎప్పటికీ చేయి చాచేవాళ్లమేనా?

హైదరాబాద్ పాతబస్తీ మహళ్ల నుంచి నిజాం ఏలిన రోజుల్లో, ఆ రాజ్యంలోని డోర్నకల్‌కు 1909లో తమిళుడైన అజరయ్య గారు మిషనరీగా వచ్చారు. మన తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే, మీ దానాలూ త్యాగాలూ చూశాం, స్నేహం కావాలి అని అడిగారు.

ఆ కాలంలోనే మిజో కొండల్లో గిరిజన స్త్రీలు వంటబియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి సంఘానికి ఇవ్వసాగారు. ఆ పిడికిళ్లే రాష్ట్రం దాటి సేవకులను పంపాయి.

ఇవ్వడానికి ఏమీ లేని ఇల్లు లేదు. తీసుకునేవాడికి ఇచ్చే వంతు రానివ్వని సేవ అతణ్ణి చిన్నవాణ్ణి చేస్తుంది. మన అంబలి తాగడానికి కూర్చోనివాడు దాత కావచ్చు, స్నేహితుడు మాత్రం కాడు.