స్టాంపు ధర ఎంత? విలువ ఎంత?



మొన్న మా మేనల్లుడు పాత ట్రంకు పెట్టె దులుపుతుంటే మా తాత పేరు మీద వచ్చిన కవరు ఒకటి దొరికింది. దాని మీద బాబాసాహెబ్ బొమ్మ ఉన్న 15 పైసల స్టాంపు.

"మామా, పాత స్టాంపులకు మంచి రేటు ఉంటాదంట. అమ్ముదామా?" అన్నాడు.

"బాబాసాహెబును అమ్ముకుంటావురా?" అని మా అక్క కోప్పడింది.

వానల్లేక శనక్కాయ పంట ఎండి, అప్పు తల మీద ఉన్న ఏడు ఇది. పిల్లోడు అడిగింది తప్పు కాదు, అక్క బాధా తప్పు కాదు. మరి ధమ్మం ఏం చెప్తుంది?

ముందు స్టాంపు సంగతి చూద్దాం. బుద్ధుని 2,500వ జయంతి ఉత్సవాలకు 1956 మే 24న మన తపాలా శాఖ 2 అణాల, 14 అణాల స్టాంపులు తెచ్చింది. అదే ఏడు అక్టోబర్ 14న బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. డిసెంబర్ 6న కన్నుమూశారు. ఆయన బొమ్మతో స్టాంపు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1966 ఏప్రిల్ 14న వచ్చిన ఆ స్టాంపే మా కవరు మీదిది.

ధర ఎట్లా పుడుతుంది? అమెరికాలో 1909-11 నాటి సిగరెట్ పెట్టెల్లో ఊరికే ఇచ్చిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. మిగిలినవి కొన్నే, కోరేవాళ్లు ఎందరో. కార్డు ఎంత నలగకుండా ఉందో చూసి 1 నుంచి 10 దాకా గ్రేడు వేసే కంపెనీలూ ఉన్నాయి. మన వజ్రకరూరు చేలల్లో తొలకరికి దొరికే రాయి కూడా అంతే. కొనేవాడు ఉంటేనే దానికి రేటు. కారణాలు కూడితే ధర పుడుతుంది, అవి పోతే ధరా పోతుంది. ప్రతీత్యసముత్పాదం అంటే ఇదే.

మా స్టాంపు లక్షల్లో అచ్చయింది, పైగా ముద్ర పడింది. అప్పు తీర్చేంత ధర రాదు. సేకరించేవాళ్లు సాధారణంగా వాడని స్టాంపుకే ఎక్కువ ఇస్తారు.

కానీ మాది పని చేసిన స్టాంపు. ఆ దినాల్లో ఉత్తరాలు తెచ్చేటాయన మా వాడలోకి వచ్చేవాడు కాదు. ఊరి మొదట్లో అరుగు మీద పెట్టి, కేకేసి పోయేవాడు. బాబాసాహెబ్ బొమ్మను ముట్టుకున్న చేయి మా తాత చేతిని ముట్టుకోలేదు. వస్తువుకు గ్రేడు వేస్తే వేయనీ. పుట్టుకను బట్టి మనిషికి గ్రేడు వేసిందే కులం. దాన్నే బాబాసాహెబ్ మెట్లు మెట్లుగా పేర్చిన అసమానత అన్నారు.

అమ్మడం పాపమా? కాదు. న్యాయంగా సంపాదించడం, దాన్ని అనుభవించడం, అప్పు లేకుండా ఉండడం, నింద లేకుండా బతకడం, ఈ నాలుగూ గృహస్థుకు సుఖాలని భగవానుడు అనాథపిండికునికి చెప్పాడు. స్టాంపు విగ్రహం కాదు. దానికి అగరొత్తి వెలిగించినా, దాని రేటు తలచుకుని నిద్ర మానుకున్నా రెండూ తృష్ణే.

కాబట్టి అక్కా, అమ్మినా దోషం లేదు, దాచినా పుణ్యం రాదు. ఆ కవరు వాడ బయటే ఎందుకు ఆగిపోయిందో పిల్లోడికి చెప్పకపోతేనే నష్టం. ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. వాడు మళ్లీ రేటు అడగలేదు, "ఉత్తరంలో ఏముంది మామా?" అని అడిగాడు.

జై భీమ్. నమో బుద్ధాయ.