దారి మార్చుకునే ధైర్యం

 



"ఇన్నేళ్లు ఇలాగే బతికాం, ఇప్పుడేం మారతాంలే!" ఈ మాట మన వాడల్లో తరచుగా వింటుంటాం. ఇరవై ఏళ్లుగా తాగుతున్నవాడు అంటాడు. పంచశీల తీసుకుని కూడా, కూతురి పెళ్లికి ముహూర్తం కోసం పంతులు గడప తొక్కే తండ్రి అంటాడు. పైగా దానికి నిలకడ అని పేరు పెడతాం. దారి మార్చుకున్నవాణ్ణి మాట మీద నిలబడనివాడంటాం. ఇది న్యాయమేనా? ఆలోచిద్దాం.

సిద్ధార్థుడు 29వ ఏట ఇల్లు విడిచాడని అందరికీ తెలుసు. అయితే ఆయన జీవితంలో రెండో మలుపు ఒకటుంది. దాని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. ఆరేళ్లు ఘోర తపస్సు చేశాడు. ఎముకల గూడయ్యాడు. ఆరేళ్ల శ్రమ అంటే చిన్న పెట్టుబడి కాదు. "ఇంత చేశాక వదిలేస్తే అంతా వృథా కదా" అని మనలాంటివాళ్లం అనుకుంటాం. ఆయన అలా అనుకోలేదు. శరీరాన్ని మాడ్చితే దుఃఖం పోదని తేల్చుకున్నాడు. సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. వెంట ఉన్న ఐదుగురు సహచరులు "భ్రష్టుడయ్యాడు" అని వదిలిపెట్టి పోయారు.

ఆ రోజుకి ఆయనకింకా జ్ఞానోదయం కాలేదు. కొత్త దారి గమ్యం చేరుస్తుందని హామీ ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. పాత దారి ఎక్కడికీ పోదని మాత్రం తెలుసు. దారి మార్చడానికి ఆ ఒక్కటీ సరిపోయింది.

బాబాసాహెబ్ జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారాం గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలైంది. మనవాళ్లు దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు. ఏళ్లు గడిచినా తలుపులు తెరుచుకోలేదు. అప్పుడాయన ప్రశ్ననే మార్చేశాడు. ఈ తలుపు ఎప్పుడు తీస్తారన్నది కాదు, మనిషిని మనిషిగా చూడని చోటికి మనమెందుకు పోవాలన్నది అసలు ప్రశ్న. 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ప్రకటించాడు.

నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్లు! ఆ కాలమంతా మతాలను చదివాడు, ప్రజలతో చర్చించాడు, బౌద్ధ దేశాలకు వెళ్లి చూశాడు. అంటే మలుపు తిరగాలన్న నిర్ణయం ఒక్క రోజులో ప్రకటించవచ్చు. ఎటు తిరగాలో తెలుసుకోడానికి మాత్రం ఓపిక కావాలి.

ధైర్యం ముందు వచ్చి ఆ తర్వాత మార్పు వస్తుందని మనం అనుకుంటాం. నిజానికి ముందు రావాల్సింది చూపు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూసినవాడికి ధైర్యం దానంతటదే పుడుతుంది. ధమ్మంలో శ్రద్ధ అంటే గుడ్డి నమ్మకం కాదు, వచ్చి చూసి, పరీక్షించి కుదుర్చుకునే విశ్వాసం.

అయితే ప్రతి మార్పూ ధైర్యమేనా? కాదు. కష్టం వచ్చిందని పారిపోవడం వేరు, తప్పని తెలిసి మరలడం వేరు. ఈ తేడా తెలుసుకోడానికి బుద్ధుడు కాలాములకు చెప్పిన కొలత మనకుంది. పెద్దలు చెప్పారనో, అనాదిగా వస్తోందనో ఒప్పుకోవద్దు. ఈ పని వల్ల నాలో లోభం, ద్వేషం, మోహం తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా? నాకూ ఎదుటివాళ్లకూ మేలా, కీడా? ఈ కొలతకు నిలిస్తే అది మంచి మలుపే.

మనల్ని ఆపేవి ఏమిటో కూడా ఒప్పుకుందాం. "కులం సర్టిఫికెట్ పోతుందేమో" అని చాలామంది భయం. 1990లో చట్టాన్ని సవరించి, బౌద్ధం స్వీకరించిన దళితులకూ షెడ్యూల్డ్ కులాల హోదా వర్తింపజేశారు. కాబట్టి ఈ భయంతో బౌద్ధులమని చెప్పుకోడానికి వెనకాడక్కర్లేదు. ఇక రెండో భయం, ఊరు ఏమంటుందోనని. దీనికి చట్టం లేదు. అంగులిమాలుడు హింస మాని భిక్షువైన తర్వాత కూడా జనం రాళ్లు వేశారు. తల పగిలి, నెత్తురు కారుతూ వచ్చాడు. ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. మారిన మనిషిని లోకం వెంటనే నమ్మదు. అంతమాత్రాన మారడం మానుకోలేం కదా.

ఇంట్లో ముసలి తల్లి ఇంకా దీపం పెట్టుకుంటుంటే ఆమెతో పోట్లాడి పటాలు బయట పారేయడం ధమ్మం కాదు. వదిలిపెట్టి పోయిన ఆ ఐదుగురి మీద బుద్ధుడు కోపం పెట్టుకోలేదు. సారనాథ్ దాకా నడిచి వెళ్లి మొదటి ఉపదేశం వాళ్లకే చేశాడు. మనం మారాలి, మన వాళ్లను మైత్రితో కలుపుకోవాలి.

వచ్చే పౌర్ణమి నాడు ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఇన్నేళ్లుగా చేస్తున్న ఒక్క పనిని ఎంచుకోండి. తాగుడు కావచ్చు, ముహూర్తం కావచ్చు, కట్నం కావచ్చు. "ఇది మనల్ని ఎక్కడికి తీసుకుపోతోంది?" అని అడగండి. ఎక్కడికీ కాదని తేలితే అక్కడే ఆగండి. పోయిన ఏళ్లు తిరిగి రావు, నిజమే. ఉన్న ఏళ్లను కూడా వాటి వెంట పోగొట్టుకోవద్దు.

నమో బుద్ధాయ! జై భీమ్!